నూట ఇరవయ్యో కాగితం

పదకొండు గంటల లోపు చేయాల్సినవి: థీసిస్ అయిదు ప్రతులు బల్ల మీద వరసగా పెట్టాలి. ప్రొజెక్టరు తీగ వదులుగా ఉంది, కింద అట్టముక్క మడిచి దోపాలి. అటెండరు బాబాయిని బతిమాలి ఇంకో ఆరు కుర్చీలు వేయించాలి. బయటి నుంచి వచ్చే పరీక్షకుడికి చక్కెర లేని టీ, గైడ్ మేడమ్‌కి చక్కెర వేసిన టీ, తారుమారు కాకూడదు. అమ్మకి ఫోను చేసి తిన్నానని చెప్పాలి, తినకపోయినా సరే. మాస్టారిని ముందు వరసలో కూర్చోబెట్టాలి. నూట పంతొమ్మిది.

ఆ చివరిది పని కాదు, ఒట్టి అంకె. మిగతా ఆరూ రాత్రి కుదురుగా కూర్చుని రాసుకున్నవి. ఈ ఏడోది ఎప్పుడు రాసిందో ఆమెకే గుర్తు లేదు. పొద్దున బస్సులో నిలబడి, కడ్డీకి మోచేయి ఆనించి రాసినట్టుంది, అక్షరాలన్నీ వంకర. పనులేమో, మాస్టారి కుర్చీ ఒక్కటి తప్ప, పదీ పదికల్లా అయిపోయాయి, అదే వచ్చిన చిక్కు. పని ఉన్నంతసేపూ మనిషి మనిషిలా ఉంటుంది, అయిపోయాక ఈ యాభై నిమిషాలూ ఈ వరండాలో ఏం చేయాలి? బెంచీ మీద కూర్చుంది, లేచింది, కుళాయి దాకా వెళ్ళి దాహం లేకపోయినా నీళ్ళు తాగింది, నోటీసు బోర్డు మీద తన పేరూ తన థీసిస్ పేరూ నాలుగోసారి చదివింది, బల్ల దగ్గరికి వెళ్ళి అయిదు ప్రతులూ అంచులు కలిసేలా మళ్ళీ సర్దింది, మళ్ళీ వరండాలోకి వచ్చింది. కాలుగాలిన పిల్లి అంటారే, అదే. "కూర్చో అమ్మాయ్, నేల అరిగిపోతుంది, కొత్త బండలకి మళ్ళీ టెండరు పిలవాలి," అన్నాడు అటెండరు బాబాయి స్టూలు మీంచి. గోడ గడియారం పదీ ఇరవై చూపిస్తోంది. "దాన్ని నమ్మకు. అయిదు నిమిషాలు ముందుంటుంది, నేనే తిప్పాను. పెద్దవాళ్ళు ఎప్పుడూ అయిదు నిమిషాలు ఆలస్యంగా వస్తారు కదా, ఇద్దరికీ సరిపోతుంది." ఆమె నవ్వింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. భుజాన సంచి బరువుగా ఉంది. అందులో నీళ్ళసీసా, గొడుగు, ఒక గోధుమరంగు కవరు, అంతే. కవరులో ఉన్నది రెండు పేజీలు. రెండు పేజీలకి ఇంత బరువేమిటి?

ఆమె చేసిన పరిశోధన చెప్పుకుంటే చాలా చిన్నది. ఎనిమిదో తరగతి పిల్ల రాసినట్టుగా ఒక జవాబు, నదులు ఎందుకు దారి మార్చుకుంటాయి అని, ఇరవై మార్కులకి. నూట ఇరవై కాగితాల మీద ఆ జవాబు ఒక్కటే, అక్షరం పొల్లుపోకుండా, తప్పులతో సహా. మారేది పైన రాసిన చిరునామా ఒక్కటే. అరవై కాగితాల మీద మేడల వీధి, అరవై కాగితాల మీద గోదాముల వెనక రేకుల వాడ. చీట్లు తీసి ఎంచిన నూట ఇరవై మంది టీచర్లకి తలా ఒకటి పంపించి, దిద్ది పంపమని అడగడం. దిద్దే పద్ధతుల మీద అధ్యయనం అని మాత్రమే వాళ్ళకి తెలుసు. తిరిగొచ్చే కవరు మీద పేరు ఉండదు, ఊరుండదు, ఒక సంఖ్య ఉంటుంది. మేడల వీధి పిల్లకి సగటున పదిహేను మార్కులొచ్చాయి. రేకుల వాడ పిల్లకి పన్నెండున్నర కూడా రాలేదు. నది ఒకటే, ఒండ్రు ఒకటే, తప్పులు కూడా అవే. గైడ్ మేడమ్ ఆ పట్టిక చూసి కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఇంత తేడానా!" అన్నారు. ఆమె మాత్రం ఆశ్చర్యపోలేదు. ఆమె పుట్టింది ఆ గోదాముల వెనకే. వాడలో అందరికన్నా ముందు కాలేజీ గడప తొక్కింది గనక ఇప్పటికీ అక్కడ ఆమెని పేరు పెట్టి పిలవరు, "కాలేజీ వచ్చిందా?" అనే అడుగుతారు. రెండున్నర మార్కులంటే వినడానికి ఎంత, చిటికెడు. ఆ చిటికెడు ప్రతి పరీక్షలోనూ, ప్రతి ఏడూ, ఒకే పిల్లకి తగ్గుతూ పోతే ఆ పిల్ల ఎక్కడ ఆగిపోతుందో లెక్క కట్టడానికి సూత్రాలక్కర్లేదు, వాడలోకి వెళ్ళి ఎవరి తలుపైనా తట్టితే చాలు.

పిచ్చుక అని పిలుచుకునే చిన్ననాటి స్నేహితురాలి తలుపు తట్టినట్టు. ఆ నూట ఇరవై కాగితాలూ రాసింది పిచ్చుకే. జెరాక్సు ఇస్తే పిల్లలదని ఏ టీచరూ నమ్మడు, అసలు సిరా కావాలి, అసలు చెయ్యి కావాలి. పిల్లలతో రాయించకూడదు, అది నియమం. ఆమె తనే ఒకటి రాసి చూపిస్తే గైడ్ మేడమ్ ఒక్క చూపు చూసి, "ఇది పిల్లల చెయ్యి కాదు, లైబ్రరీలో ముసలిదైపోయిన చెయ్యి," అన్నారు. ఆ రోజు బస్సులో ఇంటికి వస్తుంటే తట్టింది. ఎనిమిదో తరగతిలో ఒకే బెంచీ మీద కూర్చున్న పిచ్చుక, గుప్పెడంత మనిషి గనక పిచ్చుక, తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసి చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టడానికి వెళ్ళిపోయిన పిచ్చుక. బడి మానేశాక సంతకం తప్ప ఏమీ రాయలేదు, కాబట్టి దాని చేతిరాత అక్కడే ఆగిపోయింది. గుండ్రంగా, పెద్దగా, గీత మీంచి జారితే ఎవరో కొడతారన్నట్టు జాగ్రత్తగా నడిచే అక్షరాలు. అప్పటికి మనిషికి ఇరవై తొమ్మిది, చేతికి పద్నాలుగు. ఎనిమిది ఆదివారాలు కూర్చుంది, ఆమె వాళ్ళమ్మ ఇస్త్రీబల్లని కాళ్ళు మడిచి డెస్కులా వేసుకుని. "ఒసేయ్ కాలేజీ, ఈ నది నాకు కల్లోకి వస్తోందే. మొన్న కాలరు కుడుతూ 'ఒండ్రు మేట వేయును' అని పైకే అనేశాను. సూపర్‌వైజరు నాకు జ్వరమనుకుని మంచినీళ్ళు ఇప్పించాడు." ఇంకో ఆదివారం వేళ్ళు విరుచుకుంటూ, "అరవైసార్లు మేడల వీధిలో కాపురం, అరవైసార్లు మన వాడలో. సామాను మోయకుండా ఇన్నిసార్లు ఇల్లు మారిన మనిషి ఇంకెవరైనా ఉన్నారా చెప్పు!" అని పడీ పడీ నవ్వింది. ఆఖరి ఆదివారం, ఆఖరి కాగితం మీద సిరా ఆరడానికి ఊదుతూ, మామూలుగానే అన్నది: "అప్పుడు మాస్టారు ఒక్కడు నమ్మలేదని, ఇప్పుడు నూట ఇరవై మందితో దిద్దిస్తున్నావేమే నా రాతని?" అదీ నవ్వుతూనే అంది. ఆమె మాత్రం నవ్వలేకపోయింది. కాగితాలు లెక్కపెట్టే మిషతో తల వంచుకుంది, ఒకటి, రెండు, మూడు, పదకొండు దగ్గర తప్పి మళ్ళీ మొదటి నుంచి.

లెక్కపెట్టడం ఎప్పుడూ ఇంతే, ఏదో ఒకటి దాటేయడానికి. కవర్లు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి, వారానికి అయిదు, పది, ఒకసారి ఒకేరోజు ఇరవై. నూట ఇరవయ్యోది అన్నిటికన్నా ఆఖరున వచ్చింది, ఎండ మండుతున్న ఒక మధ్యాహ్నం, విభాగంలో ఎవరూ లేనప్పుడు. చింపి చూసింది. చిరునామా రేకుల వాడ. మార్కులు తొమ్మిది. చిరునామా కన్నా ముందు, మార్కుల కన్నా ముందు, ఆమె కళ్ళకి ఆనింది టిక్కు. లోకంలో అందరి టిక్కూ ఒక గీత, మాస్టారి టిక్కు చివర తోక మెలితిరిగి చిన్న ఆకులా ఉంటుంది. మార్కుల చుట్టూ సున్నా చుట్టి, సున్నా కింద ఒక చుక్క పెడతారు ఆయన. చిన్నప్పుడు ఆ ఆకు పడిన నోటుపుస్తకాన్ని తలకింద పెట్టుకుని పడుకునేది, తమ్ముడు లాక్కుంటే కరిచింది కూడా. ఆ ఆకులు ఈ కాగితం మీద నాలుగే ఉన్నాయి. పక్కన ఎర్ర సిరాతో, కుదురైన రాతలో: "భాష వయసుకు మించి ఉంది. సొంతంగా రాసినదేనా? ఎవరో చెప్పి రాయించారు." పంకా కింద కాగితం ఎగిరిపోకుండా అరచేత్తో అదిమి పట్టుకుని ఎంతసేపు కూర్చుందో. ఆ చెయ్యే కదా పదో తరగతి అయ్యాక ఆమెకి అప్లికేషను నింపింది. ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే అమ్మ, పిల్లని కూడా అక్కడే పనికి పెట్టేద్దామని మాట్లాడుకున్న రోజున మాస్టారే వాడకి వచ్చారు, రేకు తగలకుండా తల బాగా వంచుకుని లోపలికొచ్చి, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, "ఈ పిల్లని దుప్పట్లలో వేశావంటే నేను ఊరుకోను తల్లీ," అన్నారు. సంరక్షకుడి గడిలో ఆయనే సంతకం పెట్టారు. థీసిస్ మొదటి పేజీ అప్పటికే రాసుకుంది ఆమె, అంకితం: మా మాస్టారికి. ఆ పేజీ, ఈ కాగితం ఒకే బైండింగులో ఎలా ఉంటాయి?

ఉండలేవు గనక ఒకటి తీసేసింది. మూడో అధ్యాయం, అరవై మూడో పేజీ: నూట ఇరవై కవర్లలో నూట పంతొమ్మిది తిరిగి వచ్చినవి. ఒక వాక్యం. రాసేటప్పుడు చెయ్యి వణకలేదు, అది ఇప్పటికీ ఆశ్చర్యమే. లెక్క కూడా వేసి చూసుకుంది, ఆ తొమ్మిది మార్కులూ కలిపితే రేకుల వాడ సగటు పన్నెండు పాయింటు మూడు నాలుగు, తీసేస్తే పన్నెండు పాయింటు నాలుగు, ఏం కొంప మునిగింది, ఎవరికి నష్టం? నిన్న గైడ్ మేడమ్ ఫోనులో, "ఆయన గడుసు మనిషి. ఆ ఒక్కటీ ఏమైందని తప్పకుండా అడుగుతారు. పోస్టులో పోయిందను, అంతే. పోతుంటాయి," అన్నారు. మేడమ్ నిజంగానే పోయిందనుకున్నారు పాపం. చిటికెడే కదా, దశాంశం తర్వాత చిటికెడు. ఎవరి మాట ఇది? రెండున్నర మార్కులు ఎంతలే అనుకున్న వాళ్ళందరి మాటా ఇదే కదా. ఆ టీచర్లు కూడా చెడ్డవాళ్ళేం కాదు, వాళ్ళ చెయ్యీ వణికి ఉండదు. ఆమె మళ్ళీ లేచింది. కుళాయి. నీళ్ళు. గోడ గడియారం పదీ ముప్పై అయిదు, అంటే పదిన్నర.

మెట్ల మీద చప్పుడు. మాస్టారి అడుగులు గుర్తుపట్టడానికి చూడక్కర్లేదు, రెండు మెట్లకోసారి ఆగుతారు, మోకాళ్ళ నొప్పులు. ఇస్త్రీ చొక్కా, జేబులో ఎప్పటిలాగే ఎర్ర పెన్ను, చేతిలో గుడ్డసంచి. ఇంకో రెండేళ్ళలో రిటైరవుతారు, జుట్టు మాత్రం అప్పుడే అయిపోయింది.

"ఏమ్మా, చెమటలు పట్టాయేం? పరీక్ష నీకా, నాకా?"

"ఇద్దరికీ మాస్టారూ," అన్నది. అన్నాక ఉలిక్కిపడింది, ఆయన మాత్రం హాయిగా నవ్వేశారు.

"అమ్మ రాలేదా?"

"డ్యూటీ మాస్టారూ. ఆస్పత్రిలో దుప్పట్లు ఆగవుగా. మధ్యాహ్నం వస్తుంది."

ఆయన నోటీసు బోర్డు దగ్గర ఆగి, కళ్ళజోడు సర్దుకుని, పెదాలు కదుపుతూ మొత్తం చదివారు. తర్వాత వెనక్కి తిరిగి, పిల్లవాడిలా, రహస్యం చెబుతున్నట్టు అన్నారు: "రెండేళ్ళ కిందట నాకూ ఓ కవరు వచ్చిందమ్మా, మీ విభాగం ముద్రతో. పేపరు దిద్ది పంపమని. నదుల గురించి ఏదో. పేరు వద్దన్నారని పంపినవారి చోట ఆ సంఖ్యే వేయించి, నేనే స్వయంగా పోస్టాఫీసుకెళ్ళి రిజిస్టరు చేసి పంపాను. అది నీ పనేనా?"

"నాదే మాస్టారూ."

"అనుకున్నా! ఇందాక ఈ నూట ఇరవై మంది టీచర్లు అన్నది చూడగానే అనుకున్నా. అయితే నీ పుస్తకంలో నేనూ ఉన్నానన్నమాట!"

దొంగకి తేలు కుట్టినట్టయింది. అరవడానికి లేదు, ఊరుకోవడానికి లేదు. "లోపల కూర్చోండి మాస్టారూ, పంకా ఉంది, ముందు వరస," అని తీసుకెళ్ళి కూర్చోబెట్టింది, చీటీలో ఆరో పని మీద గీత కొట్టింది, బయటికొచ్చింది. పోస్టులో పోయింది అనడానికి ఇక లేదు. ఆయన లేచి, నేను రిజిస్టరు చేశానే, నా దగ్గర రసీదు ఉండాలే అంటారు, అమాయకంగా, ఆమె పక్షాన నిలబడి పోస్టాఫీసుని తిడతారు. పోనీ నిజం చెబితే? పరీక్షకుడు థీసిస్ వెనక్కి పంపుతాడు, ఆరు నెలలో ఏడాదో. లెక్క దాచిన మనిషి అనే మచ్చ ఎన్నాళ్ళుంటుందో తెలీదు. వచ్చే నెల ట్రైనింగ్ కాలేజీలో చేరాల్సిన ఉద్యోగం ఆగదు, ఇంకొకరికి పోతుంది. అమ్మ ఈపాటికి లాండ్రీలో అందరికీ చెప్పేసి ఉంటుంది, మా పెద్దది ఇవాళ్టి నుంచి డాక్టరు, మందులు రాయని డాక్టరు అని.

చెప్పడం, చెప్పకపోవడం. అసలు ఇదేం కొత్త సంగతి కాదు, ఇలాంటి మధ్యాహ్నం ఇంతకుముందు ఒకటి ఉంది. దాని గురించి ఎక్కడ మాట్లాడమన్నా ఆమె గొప్పగా చెప్పుకునేది, మా మాస్టారు నన్ను భోజనాల బెల్లులో స్టాఫ్‌రూముకి పిలిచి ప్రత్యేకంగా రాయించేవారు అని. రాయించేవారు కాదు, ఒక్కసారి రాయించారు. మా ఇంటి కిటికీ, అదీ ఆయన ఇచ్చిన వ్యాసం. వాళ్ళింటి కిటికీలోంచి గోదాము గోడ కనబడేది, ఆ గోడ గురించే రాసింది ఆమె. పిచ్చుక వాళ్ళింటికి కిటికీ లేదు. పిచ్చుక రాసింది రేకుకి ఉన్న కన్నం గురించి. పొద్దున ఆ కన్నంలోంచి బిళ్ళంత వెలుగు పొయ్యి పక్కన పడుతుందని, అది జరుగుతూ జరుగుతూ చాప దాకా వస్తే బడికి వేళయినట్టని, మబ్బు పట్టిన రోజు తనకి బడి ఆలస్యమవుతుందని, సార్లు తనని కొడతారు గానీ మబ్బుని ఎవరూ కొట్టరని. ఆ చివరి మాటకి ఆమెకి అసూయ పుట్టింది. పదమూడేళ్ళకే గుర్తుపట్టింది, ఇది నాకన్నా బాగా రాసింది అని. మాస్టారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, ఎవరు చెప్పి రాయించారు అని అడిగారు. రేపు భోజనాల బెల్లులో ఇద్దరూ వచ్చి నా ఎదురుగా రాయండి అన్నారు. ఆ రాత్రి అమ్మకి చెబితే అమ్మ సబ్బునురగ ఆరని చేతులతో కడుపు పట్టుకుని నవ్వింది, "చెప్పి రాయించేవాళ్ళు మనింట్లో ఉంటే ముందు నేనే రాయించుకునేదాన్ని కదే, సంతకం పెట్టడానికి!"

మర్నాడు నీళ్ళ లారీ వచ్చే రోజు. ఆ వారం వరస పిచ్చుకది, రెండు బిందెలు పట్టి పెట్టకపోతే రెండు రోజులు ఇంటిల్లిపాదికీ నీళ్ళుండవు. అది బడికి రాలేదు. ఆమె ఒక్కతే వెళ్ళి స్టాఫ్‌రూములో స్టూలు మీద కూర్చుని, డబ్బా మూతల చప్పుళ్ళ మధ్య, మోకాళ్ళ మీద అట్ట పెట్టుకుని మళ్ళీ రాసింది, ముందుకన్నా బాగా. మాస్టారు చదివి ఆకు టిక్కు పెట్టారు, మొదటిసారి ఆమె వైపు చూసి నవ్వారు. ఇన్నేళ్ళూ ఆ నవ్వు దగ్గరే కథ ఆపేసేది. అది ప్రత్యేక శిక్షణ కాదు, విచారణ. నెగ్గింది గనక శిక్షణ అని పేరు పెట్టుకుంది. ఆ నవ్వు తర్వాత ఏం జరిగింది? ఆయన రెండో కాగితం తీశారు. "ఆ పిల్ల రాలేదే? భయపడిందా? దానికీ నువ్వే రాసిచ్చావు కదూ, నిజం చెప్పు." మందలింపులా లేదు ఆ మాట, మెచ్చుకోలులా ఉంది, రెండు కాగితాలకి సరిపడా తెలివి నీకుందమ్మా అన్నట్టు. లేదు సార్, నీళ్ళ లారీ వచ్చింది సార్, ఆ వెలుగుబిళ్ళని నేను వాళ్ళింట్లో నా కళ్ళారా చూశాను సార్. నాలుక మీదే ఉంది మాట. మింగేసింది. మెచ్చుకోలు ఇంకో క్షణం ఉండనీ అని మింగేసింది. మాస్టారు ఆ కాగితాన్ని ఈ మూల నుంచి ఆ మూలకి ఎర్రగీత కొట్టేశారు. మర్నాడు పిచ్చుక ఆ గీత వంక చూసింది, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఇంటికి తీసుకెళ్ళి, చలిగాలి కొడుతోందని రేకు కన్నంలో కుక్కేసింది. అది ఆమె చూసింది. పొయ్యి పక్కన వెలుగుబిళ్ళ లేకపోవడం కూడా చూసింది. ఏడాది తిరక్కుండా పిచ్చుక కాలర్లు కుట్టడానికి వెళ్ళిపోయింది. ఆ ఒక్క గీత వల్లే అంటే అబద్ధం, వాళ్ళ నాన్న కాలు విరిగింది, చెల్లెలు పుట్టింది, కారణాలు బోలెడు. ఆ కారణాలన్నిటినీ ఆమె ఇన్నేళ్ళూ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ వచ్చింది, లెక్కపెట్టడం ఎందుకో తెలిసిందేగా.

సంచిలో కవరు అంచు మోచేతికి గుచ్చుకుంటోంది. గడియారం పదీ యాభై ఎనిమిది. నూట ఇరవై మంది దిద్దారు పిచ్చుక రాతని, అందులో 'ఇది నువ్వు రాయలేదు' అన్న కాగితం ఒకటి వచ్చింది, ఎవరి దగ్గరి నుంచి రావాలో వాళ్ళ దగ్గరి నుంచే. దాన్ని కన్నంలో కుక్కింది ఎవరు? మాస్టారు నమ్మలేదు, అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మలేదు, అది ఆయన తప్పు, ఆయన కూడా ఎరగని తప్పు. తెలిసి నోరు మూసుకున్నది, అప్పుడూ ఇప్పుడూ, తను. మాస్టారి మీద ప్రేమ అని పేరు పెట్టుకుంది. ఆ పేరులో అబద్ధం లేదు, ప్రేమే. రెండుసార్లూ ఆ ప్రేమకి పిచ్చుక కాగితమే మూల్యం. ఎవరి మీద ఏ ప్రేమ ఉన్నా మార్కులు మారకూడదని మూడొందల పేజీలు రాసిన మనిషి!

"పెద్దాయన కారు వచ్చింది అమ్మాయ్," అన్నాడు బాబాయి, కిటికీలోంచి తొంగిచూసి. "మెట్లెక్కడానికి ఇంకో ఏడు నిమిషాలు పడుతుంది. లిఫ్టు పనిచేయదుగా, అదీ మన అదృష్టమే."

లోపలికి నడిచింది. కాళ్ళు వాటంతటవే నడిచాయి.

"మాస్టారూ, మీ పెన్ను ఒకసారి ఇస్తారా?"

"ఎర్రది ఒక్కటే ఉందమ్మా. ఫరవాలేదా?"

"అదే కావాలి."

నిలబడే, మొదటి ప్రతి తెరిచింది, అరవై మూడో పేజీ. నూట పంతొమ్మిది మీద గీత. పైన నూట ఇరవై. పక్కన ఖాళీలో: ఒకటి నేను దాచాను. కింద సంతకం, తేదీ. రెండో ప్రతి. మూడో ప్రతి. నాలుగో దానికి చెయ్యి వణకడం మొదలుపెట్టింది, వణకనీ అనుకుంది, రాసేటప్పుడు వణకాల్సింది, ఇప్పుడు వణుకుతోంది. అయిదో ప్రతి. అంకితం పేజీని ముట్టుకోలేదు, అదీ నిజమే, ఆయన బకెట్టు మీద కూర్చున్నదీ నిజమే. సంచిలోంచి గోధుమరంగు కవరు తీసి పరీక్షకుడి కుర్చీ ముందు, చక్కెర లేని టీ పక్కన పెట్టింది. కవరు మీద నూట ఇరవై అన్న సంఖ్య తప్ప ఏమీ లేదు. అది ఎవరు దిద్దిన కాగితమో ఆమె ఎవరికీ చెప్పదు, నియమం, మాస్టారికి ఇచ్చిన మాట, నూట ఇరవై మందికీ ఇచ్చిన మాట. బల్ల మీద కవరుని మాస్టారు ముందు వరసలోంచి మెడ చాచి చూశారు.

"అచ్చయ్యాక దిద్దడమేమిటమ్మా? ఏం పోయింది?"

"లెక్క తప్పింది మాస్టారూ."

"నీకా?" అన్నారు ఆయన, నిజంగా నమ్మలేక.

పెన్ను ఆయన చేతిలో పెడుతూ, పెట్టి కూడా వదలకుండా, ఊపిరి తిప్పుకోకుండా చెప్పేసింది: "మాస్టారూ, ఎనిమిదో తరగతిలో మా ఇంటి కిటికీ అని రాయమన్నారు. నా పక్కన కూర్చునే పిల్ల రేకు కన్నం గురించి రాసింది, వెలుగుబిళ్ళ చాప దాకా వస్తే బడికి వేళయినట్టని. అది నేను రాసివ్వలేదు. అదే రాసింది. ఆ రోజు నీళ్ళ లారీ వచ్చింది, అందుకే రాలేదు. మీరు అడిగితే నేను చెప్పలేదు." పద్దెనిమిదేళ్ళ ఆలస్యం. గడియారాన్ని ఎంత ముందుకి తిప్పినా సరిపోదు.

మాస్టారు కళ్ళజోడు తీశారు. ఆలోచించారు, మర్యాదకి కాదు, నిజంగానే ఆలోచించారు, నుదురు ముడిపడింది, పెదాలు కదిలాయి, ఏళ్ళకొద్దీ హాజరు పట్టీలు లోపల తిరగేస్తున్నట్టు.

"ఏ పిల్లమ్మా?" అన్నారు చివరికి. ఆమె చూపు తట్టుకోలేక కాబోలు, నెమ్మదిగా, ఎంతో ప్రేమగా అన్నారు, "చాలామంది పిల్లలు కదా తల్లీ. నువ్వు గుర్తున్నావుగా. నువ్వు చాలదూ?"

తలుపు తెరుచుకుంది. పరీక్షకుడు ఆయాసపడుతూ వచ్చారు, వెనక గైడ్ మేడమ్, ఆ వెనక బాబాయి, "ఇప్పుడు నిజం పదకొండు," అని గొణుగుతూ. ఆమె బల్ల దగ్గర నిలబడింది. మొదటి బొమ్మ తెర మీద పడకముందే, ఎవరూ ఏమీ అడగకముందే, "మొదలుపెట్టే ముందు ఒక మాట చెప్పాలి," అన్నది. "కాగితాలు నూట ఇరవై."

మాస్టారికి గుర్తు లేదు. ఆయన్ని తప్పు పట్టకండి, నిజంగానే చాలామంది పిల్లలు. మీరెప్పుడైనా ఆ థీసిస్ తెరిస్తే చివర అనుబంధంలో ఒక కాగితం కనిపిస్తుంది, గుండ్రటి పెద్ద అక్షరాలు, గీత దాటని అక్షరాలు. ఎవరో చిన్నపిల్ల అనుకుంటారు. కాదు, అది రాసిన మనిషి ఈ గంటలో కూడా ఎక్కడో కాలర్లు కుడుతూ ఉంటుంది, పక్కవాళ్ళని నవ్విస్తూ ఉంటుంది. ఒకప్పుడు కిటికీ లేని ఇంట్లో కూర్చుని కిటికీ గురించి ఒక పేజీ రాసింది, ఎవరూ చెప్పలేదు, సొంతంగా రాసింది. ఆ పేజీ ఇప్పుడు లేదు. పిచ్చుకని గుర్తుంచుకోండి.